మూలమట్టం మామయ్య కట్టిన రేడియో

మా మామయ్య ఫోటోలకు ఫ్రేములు కడతాడు. బజార్లో ఆయన్ని అందరూ మూలమట్టం అంటారు. మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి వడ్రంగుల దగ్గర ఒక ఇనప పనిముట్టు ఉంటుందే, అది. ఆ పేరు పెట్టిందెవరో గాని వాళ్ళకి దండం పెట్టాలి. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది ఫోటోలు సర్దిగాని కుర్చీలో కూర్చోడు. టీ తాగితే ఖాళీ గ్లాసుని బల్ల మూలకి సరిగ్గా చేర్చి మరీ లేస్తాడు. ఒకసారి డాక్టరు గారి గదిలో క్యాలెండరు సర్దబోయి నర్సు చేత చీవాట్లు కూడా తిన్నాడు. మనసు మంచిదే. వంకర కనపడితే మాత్రం ఆయనకి ఒంట్లో నలతగా ఉంటుంది.

ఆయన కొట్టుకీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. నేను వదులు బట్టలు బిగుతు చేస్తాను, బిగుతువి వదులు చేస్తాను, చిరుగులు కుడతాను. ఆయన మా అమ్మ తమ్ముడు. ఆయన భార్య, అంటే మా అత్తయ్య, నాకు అమ్మ తర్వాత అమ్మ. అందుకే ఈ రేడియో వ్యవహారంలో పగలు ఆయన్నీ, సాయంత్రం ఆవిడనీ భరించే పని నా నెత్తిన పడింది. నాకు ముక్కు మీద కోపం ఉందని బజారంతా అంటారు. ఆ కొన్నాళ్ళూ నేను ఉన్నచోట ఇంకెవరున్నా అంతకంటే ఎక్కువ కోపం వచ్చేది.

అత్తయ్య స్టూలు మీద నుంచి పడడంతో మొదలైంది ఇదంతా. పడకగదిలో మంచం పక్కన గోడకి మామయ్య బిగించిన చెక్క అర ఉంది. పడుతూ పడుతూ ఆ అరని పట్టుకోబోయింది. అర మీద ఉన్న పాత రేడియో ఆవిడతో పాటే నేల మీదికి దిగింది. ఆవిడకి తుంటి ఎముక విరిగింది, రేడియో ముక్కచెక్కలైంది. దుమ్ము దులుపుతూ జారానని మామయ్యతో చెప్పింది. హాస్పిటల్లో మేమిద్దరమే ఉన్నప్పుడు నాతో నిజం చెప్పింది. ఆ అరకి పైన గోడ మీద వాళ్ళ పెళ్ళినాటి ఫోటో ఉంది. అది కాస్త పక్కకి ఒరిగిందట. సాయంత్రం ఆయన వచ్చి చూస్తే మొహం మాడ్చుకుంటాడని, ఈలోగా సర్దేద్దామని స్టూలెక్కిందట. ఫోటో సర్ది దిగబోతూ కాలు జారింది.

"ఆయనకి చెప్పకే. తెలిస్తే తిండి మానేస్తాడు" అంది.

చెప్పలేదు. వంకరైతే ఏమైందట? ఫోటోలో మనుషులు జారి కింద పడతారా? గోడ మీది ఫోటో తిన్నగా ఉంది, దాన్ని తిన్నగా పెట్టిన మనిషి మంచం మీద పడి ఉంది. ఈయనేమో పక్కన నిలబడి ఆవిడ దిండు మూలలు సర్దుతున్నాడు. కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని కొంచెం ఏటవాలుగా పడుకోవాలని డాక్టరు చెప్పాడు. మామయ్య గదిలోకి వచ్చినప్పుడల్లా తనకి తెలియకుండానే ఆ దిండుని మంచానికి సమంగా జరిపేవాడు. ఆయన వెళ్ళగానే ఆవిడ దాన్ని మళ్ళీ వంకరగా పెట్టుకునేది.

పగలంతా ఆవిడ ఒక్కతే. మామయ్య కొట్టుకి వెళ్తాడు, నేను మధ్యాహ్నం ఓసారి వచ్చి చూసిపోతాను. టీవీ హాల్లో ఉంది. మట్టం పెట్టి మరీ గోడకి బిగించాడు గనక అది ఇక ఈ జన్మకి కదలదు. ఫోనులో ఏదైనా పెడతానంటే, అది ప్రతిదానికీ ఏదో ఒకటి నొక్కమంటుంది, నావల్ల కాదంది. ఆవిడకి కావలసింది పాత రేడియోలో వచ్చే ఆ ఒక్క స్టేషనే. అందులో మధ్యాహ్నం నాటకాలొస్తాయి, డాక్టర్లు మాట్లాడతారు, ఇద్దరు కూర్చుని శ్రోతల ఉత్తరాలు చదువుతూ మధ్యలో పోట్లాడుకుంటారు. ఇప్పుడు కొట్లలో దొరికే రేడియోల్లో ఆ స్టేషను రాదు. పాటలూ ప్రకటనలే.

ఒక రోజు సాయంత్రం ఆవిడ మామూలుగా, వార్త చెప్పినట్టు చెప్పింది. తన తమ్ముడు ఫోన్ చేశాడనీ, ఆదివారం కారు తీసుకుని వస్తాననీ, తను వాళ్ళింటికి వెళ్తాననీ. అక్కడ ఇంటినిండా జనం, ఎవరో ఒకరి మాట చెవిన పడుతూ ఉంటుందంది.

"ఇక్కడ అన్నీ సర్ది ఉన్నాయండీ. నేనూ వాటిలో ఒకదాన్ని. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా గోడలు చూస్తూ ఉండలేను" అంది.

ఆ ఊరు దూరం, ఆ ఇంట్లో మెట్లు లేవు, తమ్ముడికి అక్కంటే ప్రాణం. వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నాకు అనుమానమే. మామయ్యకీ అదే భయమని మొహం చూస్తే తెలుస్తోంది. కానీ వెళ్ళకు అనే మాట ఆయన నోట రాదు. పెళ్ళైనప్పటి నుంచీ రాలేదు, ఇప్పుడెలా వస్తుంది? చివరికి, రేడియో నేను తయారు చేస్తానన్నాడు. నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనకి కరెంటు సంగతి బల్బు మార్చడం వరకే తెలుసు.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదని మర్నాడు తెలిసింది. పాత ఫ్రేములు విప్పినప్పుడు ఫోటో వెనక అట్ట బిగువు కోసం ఎప్పుడో ఎవరో మడిచి పెట్టిన కాగితాలు బయటపడుతుంటాయి. అలా ఒక ఫ్రేములోంచి ఏదో సైన్సు పత్రిక పేజీ వచ్చింది. ఒకే ఒక్క చిప్‌తో రేడియో ఎలా తయారు చేసుకోవచ్చో అందులో బొమ్మతో సహా ఉంది. ఇంకొకరైతే నలిపి పారేసేవాళ్ళు. మామయ్య ఆ బొమ్మ చూసి పడిపోయాడు. గోడ మీద తట్టి నన్ను పిలిచాడు.

"చూడవే, ఇన్ని గీతలున్నాయి, ఒక్కటైనా వంకరుందా? అన్నీ మూలమట్టం పెట్టి గీసినట్టే ఉన్నాయి. ఈ పని నాకొస్తుంది."

కరెంటు బొమ్మలు ఎవరు గీసినా అలాగే గీస్తారని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

సామాను కోసం పార్టుల కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టాయన ఇప్పుడు ఫోను కవర్లూ చార్జర్లూ అమ్ముతున్నాడు గాని, వెనక డబ్బాల్లో వాళ్ళ నాన్న కాలం నాటి సరుకు ఇంకా మిగిలి ఉంది. పేజీ చూసుకుంటూ ఒక్కొక్కటే వెతికి ఇచ్చాడు. మూడు కాళ్ళున్న పప్పుబద్దంత చిప్, స్టేషన్లని పట్టే, వేలెడు పొడవున్న నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద చుట్టడానికి వెంట్రుకంత రాగి తీగ, స్టేషను మార్చడానికి తిప్పే గ్యాంగు, ఇంకా చిన్నాచితకా. చిప్ ఒక్క పెన్సిల్ సెల్లు మీద నడుస్తుందట. గదంతా వినపడాలంటే చిన్న స్పీకరూ, దానికి గొంతు పెంచే తయారు బోర్డూ వేరే పెట్టాలన్నాడు. అవీ ఇచ్చాడు. ఇది అసలు పలుకుతుందా అని మామయ్య అడిగితే, నేను అమ్ముతానండీ, పలికించడం మీ చేతుల్లో ఉందన్నాడు.

మామయ్య కడ్డీ మీద తీగ చుట్టిన తీరు చూస్తే నాకే అసూయ వేసింది. వరస పక్కన వరస, ఎక్కడా ఎడం లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. నా మిషను కుట్టు కూడా అంత సమంగా రాదు. మిగతావి సీసంతో అతికించి, సెల్లు పెట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పార్టుల కొట్టుకి పరుగెత్తాడు. పేజీలో చిప్ కాళ్ళని కింది నుంచి చూసినట్టు గీశారట, ఈయన పై నుంచి చూసినట్టు అతికించాడట. కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆ చిప్ ఇక లేవలేదు. ఇంకోటి తెచ్చుకున్నాడు.

రెండోసారి ప్రాణం వచ్చింది గాని, మాట రాలేదు. గీ అని ఒకటే ఈల. పక్క గోడ అవతల నాకే చెవులు చిల్లులు పడ్డాయి. వెళ్ళి చూద్దును గదా, పలక మీద అన్ని పార్టుల్నీ ఎడంఎడంగా, షోకేసులో బొమ్మల్లా పేర్చాడు. తీగలన్నీ ఎక్కడికక్కడ సరిగ్గా మూల తిరిగి, అచ్చం పేజీలో బొమ్మ ఎలా ఉందో అలా ఉన్నాయి. దాన్ని పట్టుకెళ్ళి చూపిస్తే పార్టుల కొట్టాయన నవ్వాపుకుని, ఇది గోడకి తగిలించుకోవడానికి కాదండీ అన్నాడట. తీగలు పొడుగైతే దీనికి పడదని తన తండ్రి అనేవాడట. కాళ్ళు పొట్టిగా కత్తిరించి అన్నీ ఒకచోట ముద్దగా అతికించమన్నాడు.

"ముద్దగానా?" అని మామయ్య నన్నడిగాడు, ఆ మాట నేనే అన్నట్టు.

చేశాడు పాపం. సగం కళ్ళు మూసుకుని చేశాడు. అయ్యాక ఆ ముద్ద వైపు నేరుగా చూడలేక, దాని మీద రుమాలు కప్పి, గ్యాంగు తిప్పాడు. సరిగ్గా అప్పుడు నేను మిషను తొక్కాను. నాది మోటారు మిషను. స్పీకర్లోంచి బర్రున అరుపు వచ్చింది. ఆపమని గోడ మీద దబదబా కొట్టాడు. ఆపాను. అప్పుడు వినపడింది, ఎవరో డాక్టరు గొంతు, కడుపునొప్పి ఎన్ని రకాలో చెబుతోంది. నేను వెళ్ళేసరికి మామయ్య కళ్ళనిండా నీళ్ళు. కడుపునొప్పి గురించి విని ఏడ్చిన మనిషిని నేను అప్పుడే చూశాను.

ఫ్రేములు కట్టగా మిగిలిన బీడింగు చెక్కలతో దానికో పెట్టె కట్టాడు. మూలల్లో అతుకు ఎక్కడుందో గోరు పెట్టి వెతికినా దొరకదు. కడ్డీని పెట్టె పొడవునా లోపల బిగించాడు. కొట్లో బల్ల మీద పెడితే పెట్టె శుభ్రంగా మాట్లాడింది. ఆ రోజు కొట్టు పెందరాళే కట్టేసి, పెట్టెని చంకలో పెట్టుకుని, మోగిస్తూనే ఇంటికి నడిచాడు. నేను వెనకాలే ఉన్నాను. వీధిలో మోగింది. గుమ్మంలో మోగింది. పడకగదిలోకి రాగానే అత్తయ్య తల తిప్పి చూసింది. ఎన్నాళ్ళకో ఆవిడ మొహంలో ఆశ లాంటిది కనపడింది. మామయ్య పెట్టెని అర మీద పెట్టి, అంచుకి సమంగా జరిపాడు. గొంతు సన్నబడి, సన్నబడి, ఉస్సుమని ఆగిపోయింది.

అప్పటి నుంచీ మా అందరి తల ప్రాణం తోకకొచ్చింది. సెల్లు మార్చాడు. చేతిలోకి తీసుకుంటే మాట వచ్చేది, అర మీద పెట్టగానే పోయేది. కాబట్టి మనిషి చెయ్యి తగిలితేనే పని చేస్తుందనుకున్నాడు. చెయ్యి తగిలిస్తూ అర మీద పెట్టాడు, లాభం లేదు. గోడలో ఇనపచువ్వలు ఉండి మింగేస్తున్నాయని నేనన్నాను. ఎదురుగా కిటికీ గట్టు మీద పెట్టాడు, అక్కడా అంతే. మంచం పక్కన స్టూలు వేసి పెట్టాడు, మాట్లాడలేదు. వంటింట్లోకి పట్టుకెళ్ళి గట్టు మీద పెడితే నిక్షేపంగా మాట్లాడింది. అక్కడ వినడానికి ఎవరూ లేరు. ఫ్రిజ్జు కట్టేశాం, లైట్లు ఆర్పేశాం, బీరువాని హాల్లోకి ఈడ్చాం. పాత రేడియోకి కిటికీలోంచి బయటికి వెళ్ళే ఏరియల్ తీగ ఉండేది. అది తెచ్చి తగిలిస్తే అన్ని స్టేషన్లూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టి సంతలా తయారైంది. తీసేశాడు.

పార్టుల కొట్టాయన కూడా ఈ వింత విని తల గోక్కున్నాడు. కొట్లో పలికేది ఇంట్లో పలక్కపోతే తప్పు ఇంటిదేనన్నాడు. మామయ్య ఆ మాట పట్టుకుని గోడల్ని తట్టి తట్టి వింటూ తిరిగాడు. ఒక్కోసారి గది మధ్యలో నిలబడిపోయి, ఏ పని మీద వచ్చాడో మరిచిపోయేవాడు. నాకు కోపం పోయి జాలి పట్టుకుంది. తలా తోకా లేని వ్యవహారం. ఒకే పెట్టె, ఒకే ఇల్లు, ఈ గదిలో మూగ, ఆ గదిలో వసపిట్ట.

శనివారం సాయంత్రం అత్తయ్య నన్ను తన బట్టలు సంచిలో సర్దమంది. సర్దుతున్నాను. మామయ్య ఇంకా పెట్టెతో కుస్తీ పడుతున్నాడు. చివరికి ఓడిపోయినట్టు దాన్ని అర మీద పెట్టేశాడు. పెట్టి, వెనక్కి ఒక అడుగు వేసి చూసి, మళ్ళీ ముందుకొచ్చి బొటనవేలితో అంచుకి సమంగా నెట్టాడు. మాట్లాడని పెట్టెకి కూడా సర్దుడే. అది చూసి అత్తయ్యకి ఎక్కడ లేని ఒళ్ళుమంటా వచ్చింది. హాస్పిటల్ వాళ్ళిచ్చిన చేతికర్ర తీసి పెట్టెని ఒక్క పోటు పొడిచింది. పెట్టె సగం తిరిగి, ఒక మూల అర దాటి బయటికొచ్చి ఆగింది.

ఉత్తరాలు చదివే ఇద్దరూ గదిలోకి వచ్చారు. ఎవరో శ్రోత అడ్రసు రాయలేదని పోట్లాడుకుంటున్నారు. గొంతులు పక్కన కూర్చున్నంత స్పష్టంగా ఉన్నాయి.

ముగ్గురం గుడ్లప్పగించి చూస్తున్నాం. మామయ్య మెల్లగా అర దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, ఆయన చెయ్యి ఆయన మాట వినదు గనక, పెట్టెని తిన్నగా జరిపాడు. ఇద్దరూ మాయమైపోయారు. అత్తయ్య మళ్ళీ కర్రతో పొడిచింది. మళ్ళీ వచ్చారు. మామయ్య మళ్ళీ చెయ్యి ఎత్తాడు. ఈసారి ఆవిడ కర్రని ఆయన మణికట్టు మీద ఆన్చింది.

"ముట్టుకోకండి" అంది.

ఆయన మంచం అంచున కూర్చుని ఆ వంకర పెట్టె వైపు చాలాసేపు చూశాడు. ఎక్కడ పెట్టినా గోడకో మంచానికో సమంగానే పెట్టాడన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. అయినా వంకరగా ఉంటేనే ఎందుకు పలుకుతోందో మా ఎవరికీ అర్థం కాలేదు. తను ఏదైనా తప్పుగా కట్టాడేమోనని నన్నడిగాడు. నాకేం తెలుసు?

అత్తయ్య ఇక ఉండిపోతుందనుకున్నాను. ఆయన హాల్లోకి వెళ్ళాక సంచి విప్పనా అని అడిగాను. వద్దంది. "పొద్దున్నే లేచి సర్దేస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆవిడ చెప్పింది నిజమేనని నాకూ అనిపించింది. ఆ రాత్రి మా ఇంట్లో నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికి కారు వాకిట్లో ఉంది. లోపలి నుంచి సుత్తి చప్పుడు వస్తోంది. అత్తయ్య తమ్ముడు కుర్చీలో కూర్చుని బావగారిని వింతగా చూస్తున్నాడు. మామయ్య అర ముందు నిలబడి ఉన్నాడు. పెట్టె నిన్న ఎలా ఉందో అలాగే, మూల బయటికి పెట్టుకుని ఉంది. దాని చుట్టూ అర మీద పెన్సిలు గీత ఉంది. ఏటవాలు గీత. ఆ చేత్తో గీసిన వంకర గీతని నేను చూడడం అదే మొదలు. ఆ గీత వెంబడి సన్నటి చెక్క పట్టీలు పెట్టి, ఒక్కో మేకే కొడుతున్నాడు.

అత్తయ్య తమ్ముడు నాకు అసలు సంగతి విప్పి చెప్పాడు. పెట్టెలో కడ్డీ ఉంటుందే, దాని కొన స్టేషను వైపు చూస్తే వినపడదట, అడ్డంగా తిరిగితేనే వినపడుతుందట. ఈ గదిలో గోడకి సమంగా పెడితే కొన సరిగ్గా అటే పోతోందట, వంటింటి గట్టు అడ్డదిక్కు గనక అక్కడ పలికిందట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చిన్న రేడియోని మోకాళ్ళ మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవాడట. గుర్తులేదా అక్కా అని అడిగాడు. గుర్తుందిరా, ఇప్పుడు గుర్తొచ్చింది, ఈ ఇంట్లో దేన్నీ తిప్పి ఎన్నేళ్ళయిందో, అందుకే మర్చిపోయానంది. నాకు ఆ దిక్కుల సంగతి సగమే అర్థమైంది. మిగతా సగం ఇప్పటికీ కాలేదు.

అత్తయ్య మామయ్య వీపు వైపు చూస్తూ అడిగింది.

"ఆ పట్టీలెందుకండీ?"

"పెట్టె కదలకుండా."

"ఎవరు కదుపుతారు? నేను మంచం దిగలేను."

"నేనే" అన్నాడు.

ఇంకో మేకు కొట్టాడు. తర్వాత సుత్తి అర మీద పెట్టి, ఇటు తిరగకుండానే మాట్లాడాడు.

"ఆ రోజు పొద్దున నేను వెళ్ళేటప్పుడు ఫోటో వంకరగా ఉంది. చూశాను. టైమైపోతోంది, సాయంత్రం వచ్చి సర్దుదాంలే అనుకున్నాను. హాస్పిటల్ నుంచి నీ బట్టల కోసం వచ్చినప్పుడు చూస్తే తిన్నగా ఉంది."

రేడియోలో వాతావరణం చెబుతున్నారు. ఇన్నాళ్ళూ ఈ మనిషికి ఏమీ తెలియదని నేను లోలోపల తిట్టుకుంటూ తిరిగాను. ఆయనకి మొదటి రోజే తెలుసు. గోడ మీద వెంట్రుకవాసి తేడా కనిపెట్టే మనిషికి అది తెలియకుండా ఉంటుందని ఎలా అనుకున్నానో నాకే అర్థం కాలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అత్తయ్య మాత్రం ఏడవలేదు. కాసేపు పెన్సిలు గీతనీ, ఆయన మెడనీ చూసింది. తర్వాత తమ్ముడికి టీ పెట్టి ఇవ్వమని నాకు చెప్పింది. పొద్దెక్కకముందే బయల్దేరితే ఎండ తగలదని వాడికీ చెప్పింది. ఆ తర్వాత సంచి వైపు కర్ర చూపించింది.

"అందులో బట్టలు తీసి బీరువాలో పడెయ్యవే. మడతలు పెట్టకు. ఎలా పడితే అలా పడెయ్" అంది.

నేను అలాగే పడేశాను. బీరువా ఇంకా హాల్లోనే, అడ్డదిడ్డంగా ఉంది. మామయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నేను తలుపు వేసేదాకా చూశాడు.